చివరి పీట

ఒకానొక కాలంలో, కొండల నడుమ గండివరమనే రాజ్యం ఉండేది. దాన్నేలే రణధీరరాయడికి ఏ పనిలోనైనా తానే ముందుండాలని పంతం. గుర్రప్పందెంలో ముందు, వేటలో ముందు. ఆఖరికి తిండిలోనూ ముందే!

ఆ దేశంలో పంక్తి మర్యాద ఒకటుంది. పంక్తిలో, వయసులో కాదు, పెద్దరికంలో పెద్దవాడు మొదటి ముద్ద ఎత్తేదాకా ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టకూడదు. ఆయన లేచేదాకా ఎవరూ లేవకూడదు. లేచాక ఎవరూ కూర్చోకూడదు. మర్యాద మంచిదే, దాన్ని పాడు చేసింది రాజుగారి వేగం. వడ్డన ఆయన దగ్గరే మొదలయ్యేది. పంక్తి చివరికి పప్పు చేరే వేళకు ఆయన మజ్జిగ కూడా తాగేసి మీసం తుడుచుకునేవాడు. ఆయన లేస్తే భోజనసాలంతా లేచేది. కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి అతిథులు చేతులు కడుక్కునేవారు.

రాజుకు ఇదేదీ తెలియదు. ఒకనాడు నిండు కొలువులో మురిసిపోతూ, "చూశావటోయ్ బొప్పనా! మా అతిథులెంత మితంగా తింటారో! విస్తళ్ళలో సగం అన్నం మిగిలే ఉంటుంది" అన్నాడు.

బొప్పన ఆ కొలువులో హాస్యగాడు. నోరు కట్టుకోవడం చేతకాదు.

"అది మితం కాదు ప్రభూ, ఆకలి. నిన్న చివరి పీట మీద ముసలి కోటకాపరి లింగన్న కూర్చున్నాడు. నోట్లో పళ్ళు లేవు పాపం. మొదటి ముద్ద ఇంకా మింగకముందే తమరు లేచారు. కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ లేచాడు."

రాజు ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"మర్యాద అందరికీ ఒక్కటే! నాకంటే పెద్దవాడు పంక్తిలో ఉంటే ఆయన లేచేదాకా నేనూ కదలను. ఏడీ, చూపించు! పున్నమి విందుకు అలాంటివాణ్ణి తెచ్చావా, కోరింది ఇస్తాను. తేలేకపోయావా, పెళ్ళాంబిడ్డలతో పొలిమేర దాటిపో."

"చిత్తం" అన్నాడు బొప్పన. ఎప్పుడూ తడబడని ఆ గొంతు కాస్త వణికింది. రాజు అది విని లోలోపల సంబరపడ్డాడు.

పున్నమినాడు మధ్యాహ్నం రాజు భోజనసాలలో అడుగుపెట్టేసరికి తన పీట పక్కనే ఇంకో పీట వేసి ఉంది. దాని మీద ఒక బక్కపలచని వృద్ధుడు. ఎవడ్రా అని గద్దించబోయిన రాజు నోరు అలాగే ఆగిపోయింది. తల్లి తోడబుట్టిన ఎల్లమరాజు! ఎక్కడో సరిహద్దు కోటలో ఉంటాడు. పట్టాభిషేకం తర్వాత మళ్ళీ చూసిందే లేదు. రాజు వంగి కాళ్ళకు దణ్ణం పెట్టి, లేస్తూనే బొప్పన చెవిలో బుసకొట్టాడు.

"మేనమామ పూజ్యుడే, కాదనను. కానీ ఆయన నాకు సామంతుడు. నాకంటే పెద్దెలా అయ్యాడోయ్?"

"రాజ్యంలో కాదు ప్రభూ, అన్నం దగ్గర. తమరికి అన్నప్రాశన నాడు బంగారుటుంగరంతో పాయసం తీసి నాకించింది ఈ చెయ్యే. అంతకు ముందు తమరు మెతుకు ఎరుగరు. పంక్తిలో పెద్ద ఈయన కాకపోతే మరెవరు?"

రాజు ఆ చేతికేసి చూశాడు. ముడతలు పడి సన్నగా వణుకుతోంది. వదులైపోయిన ఉంగరానికి దారం చుట్టి ఉంది. ఇన్ని కోటలు గెలిచిన తనకు మొట్టమొదటి తిండి పెట్టింది ఈ చెయ్యా! రాజు వెళ్ళి తన పీట మీద కూర్చున్నాడు.

ఎల్లమరాజు ముద్ద ఎత్తాడు. అందరూ మొదలెట్టారు. రాజు అలవాటు చొప్పున చకచకా తినేసి పక్కకు చూస్తే మామ ఇంకా పప్పన్నంలోనే ఉన్నాడు. రాజు సగం లేచాడు. బొప్పన చిన్నగా దగ్గాడు. రాజు మళ్ళీ కూలబడ్డాడు.

"ఇంకెంతసేపోయ్?"

"పులుసుకే రాలేదు ప్రభూ."

చేసేదేమీ లేక రాజు తలెత్తి చూశాడు. అంతే, చూస్తూ ఉండిపోయాడు. తన సాలలో జనం తింటూండగా ఆయన చూడటం అదే మొదటిసారి! ఒకరు పక్కవాడి విస్తట్లో నెయ్యి వెయ్యమని వడ్డించేవాణ్ణి పిలుస్తున్నారు. ఇంకొకరు ఊరగాయ ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అదే అడుగుతున్నారు. పంక్తి చివర లింగన్న అన్నం మెత్తగా పిసికి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నములుతున్నాడు. ఆ ముసలి ముఖంలోని తృప్తి చూసి రాజు, ఇంత వైభవం నా ఇంట్లో ఉందా అనుకున్నాడు.

"అబ్బాయీ, చెయ్యెండబెట్టుకు కూర్చున్నావేం?" అన్నాడు మామ. "ఒరే, మావాడికి మారు వడ్డించండి. పులుసు పొయ్యండి."

తొందరపడి లాభం లేదని తెలిసి రాజు ఈసారి నిదానంగా తిన్నాడు. గుమ్మడికాయ పులుసు నాలుకకు తగలగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆహా! ఏమి రుచి! కొత్త వంటవాడు వచ్చాడా?"

వంటపెద్ద చేతులు కట్టుకున్నాడు. "లేదు ప్రభూ. తమరు పట్టం కట్టుకున్ననాటి నుంచీ ఇదే పులుసు."

రాజు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. సాలంతా నవ్వింది. లింగన్నకు పొలమారింది.

చివరికి ఎల్లమరాజు మజ్జిగ తాగాడు. తాగి, మెడ సాచి పంక్తి కొసదాకా చూసి, "అందరిదీ అయిందా నాయనా?" అని అడిగి అప్పుడు లేచాడు. ఆ ఒక్కమాట తనకు ఏనాడూ తోచలేదే అని రాజు సిగ్గుపడ్డాడు.

"గెలిచావోయ్ బొప్పనా! ఏం కావాలో కోరుకో."

"ఆ చివరి పీట ఇప్పించండి ప్రభూ. ఇకనుంచి నేనక్కడ కూర్చుని, కొసన ఎవరికి ఏది అందలేదో కేకేసి చెబుతాను."

"అదొక్కటీ కుదరదోయ్!" రాజు నవ్వుతూ మెడలోని ముత్యాలహారం తీసి బొప్పన మెడలో వేశాడు. "అది నాకు కావాలి."

మామ సరిహద్దు కోటకు తిరిగి వెళ్ళాక, మరుసటి విందుకు రాజు చివరి పీట మీద, లింగన్న పక్కన కూర్చున్నాడు. వడ్డన అటు కొసన మొదలై చిట్టచివర రాజు దగ్గరకొచ్చింది. ఆయన ముద్ద ఎత్తేసరికి అందరి విస్తళ్ళూ నిండి ఉన్నాయి. మజ్జిగ తాగాక లేవబోయి, ఆగి, మెడ సాచి చూసి, "అందరిదీ అయిందా నాయనా?" అని అడిగాడు.

"నాది కాలేదు ప్రభూ" అన్నాడు లింగన్న. రాజు నవ్వి మళ్ళీ పులుసు పోయించుకున్నాడు.