పరుగు మరిచిన నేరేడు

అనగనగా ఒక అడవిలో, మబ్బులు దిగివచ్చి చెట్ల మధ్యే కునుకు తీసే ఒక కొండ మీద, పదంటే పదే ఇళ్ళున్న ఊరు ఉండేది పిల్లలూ. ఆ ఊళ్ళో బుద్రన్న అని ఒక వేటగాడు. అతని దగ్గర ఒక నల్లటి వేటకుక్క. పండులా నిగనిగలాడేదని దానికి నేరేడు అని పేరు పెట్టుకున్నాడు.

ఊరి కుక్కలన్నిటికీ నేరేడే ముందు కుక్క. ముందు కుక్క అంటే ఏమిటో తెలుసా? వేటలో అది "రండి!" అని మొరిగితే మిగతా కుక్కలు కళ్ళు మూసుకుని దూకేస్తాయి. ఎందుకని అడగవు. దాని మాట మీద ప్రాణం పెట్టేస్తాయి.

అలాంటి నేరేడు ఏడాదిగా వేటకు వెళ్ళలేదు. పిల్లల్ని కన్నది. పాలిచ్చింది. అంతలో వానలు పట్టుకున్నాయి. బుద్రన్న భార్య గురుబారి పొద్దునా సాయంత్రం చోడి అంబలి, అంటే రాగి అంబలి, పోసేది. నేరేడు పొయ్యి పక్కన వెచ్చగా పడుకుని, వాన చప్పుడు వింటూ, ఎప్పటివో పరుగులు కలగనేది. కలలో దాని కాళ్ళు గాలిలో తేలేవి. మెలకువ వస్తే పొట్ట నేలకి తగిలేది.

పిల్లల్లో మూడు చుట్టాల ఊళ్ళకు పోయాయి. మిణుగు ఒక్కతే తల్లి దగ్గర మిగిలింది. ఎప్పుడు చూసినా దానికి ఒకటే కబురు.

"అమ్మా, అప్పుడెప్పుడో అడవి పందిని నువ్వే ఆపావట కదా! మళ్ళీ చెప్పవా?"

వానలు తగ్గాయి. ఒక పొద్దున చేను గట్టు మీద కుందేలు కనిపించింది. నేరేడు దూకింది. నలభై అంగలు వేసిందో లేదో, గుండె డప్పులా మోగింది. కళ్ళు బైర్లు కమ్మాయి. దభాలున కూర్చుని, ముల్లు తీసుకుంటున్నట్టు కాలు నాకడం మొదలుపెట్టింది.

"ముల్లు గుచ్చుకుందేటి తల్లీ?" అన్నాడు బుద్రన్న.

ముల్లూ లేదు, గిల్లూ లేదు. నేరేడుకు ఆ సంగతి తెలుసు. మిణుగు పరుగున వచ్చి, "ఎక్కడమ్మా, చూపించు," అంటుంటే కాలు పొట్ట కిందికి దాచేసింది.

ఆ సాయంత్రం బుద్రన్న అన్నాడు: "నాలుగు వారపు సంతలు దాటితే చోళ్ళు కోతకొస్తాయి. ఆలోగా పందుల పని పట్టాలి. లేకపోతే చేనంతా తవ్విపోస్తాయి. మనకేటి భయం, నేరేడు ఉంది కదా!"

"నేనూ వస్తాను! అమ్మ వెనకే ఉంటాను!" అని గంతులేసింది మిణుగు.

నేరేడు అంబలి సగంలోనే వదిలేసింది.

మర్నాడు అది సంతకు బరువులు మోసే గుర్రం తాత దగ్గరకు వెళ్ళింది.

"తాతా, నాకు పరుగు పోయింది. ఎవరికీ చెప్పకు."

గుర్రం తాత గడ్డి నములుతూ అన్నాడు: "పరుగు ఎక్కడికీ పోదే. నిద్రపోతుంది. వానాకాలం దాటాక నాకేం చేస్తారో చూడలేదూ? మొదటి సంతకి ఖాళీ వీపుతో నడిపిస్తారు. రెండో సంతకి సగం బరువు. మూడో సంతకి గానీ మొత్తం వెయ్యరు. నువ్వూ అంతే. ఒక వారం మట్టి మీద నడువు. ఒక వారం గులకరాళ్ళ మీద నడువు, పాదాలు గట్టిపడాలి. మూడో వారం పరిగెత్తు. సరిపోతుంది."

"అంతా చూస్తుండగా నడవాలా? నేను ముందు కుక్కని తాతా!"

"అయితే ఎవరూ చూడకుండా పంది చేత పొడిపించుకో," అని తాత మళ్ళీ గడ్డిలో తల పెట్టాడు.

నేరేడు నడక మొదలుపెట్టింది. దారిలో మేకలు చూశాయి.

"ఓలమ్మో! వేటకుక్క పెళ్ళినడక నడుస్తోందే!"

"పొట్టలో ఇంకో నాలుగు పిల్లలున్నాయేమో!"

దూరంగా మిణుగు వస్తూ కనిపించింది. అంతే, నేరేడు గబుక్కున పొదల్లోకి దూరిపోయింది.

అక్కడ ఎండరాయి మీద ఒక ఉడుము పడుకుని ఉంది. కుక్కను చూసి ముందు వణికింది. తర్వాత దాని పొట్టనీ, వేలాడే నాలుకనీ చూసి తీరిగ్గా తోక సర్దుకుంది.

"అక్కా, ఎందుకింత ఆయాసం? నాలుగు కాళ్ళు అరగదీస్తే ఏమొస్తుంది? ఈ అడవిలో ఎవరు ఏ కన్నంలో పడుకుంటారో నాకు తెలుసు. నేను చెప్తాను, నువ్వు వెళ్ళి పట్టుకో. నన్ను మాత్రం నా బొరియలోంచి లాగకు. ఏమంటావు?"

నేరేడు మేకలున్న దారి వంక చూసింది. చివరికి తలూపింది.

మొదట ఉడుము కుందేలు పొద చూపించింది. నేరేడు నిద్రలో ఉన్న కుందేలును నోట కరుచుకుని వచ్చింది. ఊరంతా "ఆహా!" అంది.

రెండోసారి ముళ్ళపంది కన్నం చూపించింది. బుద్రన్న నేరేడు తల నిమిరి, "నీ ముక్కే ముక్కు!" అన్నాడు.

మూడోసారి అడవికోడి పొదిగే పొద చూపించింది. ఆ రోజు గురుబారి నేరేడు నుదుట పసుపు బొట్టు పెట్టింది. మిణుగు పక్క ఊరి కుక్కలన్నిటికీ వినపడేలా, "మా అమ్మ! మా అమ్మ!" అని అరిచింది.

పొగిడిన కొద్దీ నేరేడుకు భయం పెరిగింది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడేది. తన అరికాళ్ళు తనే తడుముకునేది. అవి దూదిలా మెత్తగా ఉండేవి. కళ్ళు మూసుకుంటే చాలు, పంది కోరలు కనిపించేవి.

మూడో సంత దాటింది. నేరేడు ఉడుము దగ్గరకు పరిగెత్తలేక పరిగెత్తింది.

"రేపే పంది వేట. ఏం చెయ్యను?"

"వెదురు పొదలో, వాగు పక్కన పడుకుంటుంది. చెప్పాను కదా, ఇంకేం కావాలి?"

"లేచి పరిగెడితే?"

"నువ్వూ పరిగెత్తాలి మరి."

"నాకు పరుగు రాదని నీకు తెలుసు కదా!"

"తెలుసక్కా," అంది ఉడుము చల్లగా. "అందుకే కదా నేనింత హాయిగా ఎండకు పడుకున్నది!" అని బొరియలోకి జారిపోయింది.

మర్నాడు తెల్లవారగానే బల్లేలు పట్టుకుని మగవాళ్ళు బయలుదేరారు. కుక్కలన్నిటికీ ముందు నేరేడు, దాని తోక పక్కనే మిణుగు. ఆకుల మీద మంచు ముత్యాల్లా మెరుస్తోంది. నేరేడుకు అదేమీ కనిపించలేదు.

ఉడుము చెప్పిన చోటే పంది ఉంది. కానీ నిద్రలో లేదు. వెదుళ్ళు విరుచుకుంటూ లేచి, రాళ్ళ గుట్ట పైకి ఉరికింది.

నేరేడు వెంటపడింది. ఇరవై అంగలకే అరికాళ్ళు చిట్లాయి. నలభై అంగలకు ఊపిరి అందలేదు. వెనక కుక్కలు చెల్లాచెదురయ్యాయి, ముందు కుక్క పిలుపు లేనిదే అవి ఎటు పోవాలో ఎరగవు. మనుషులింకా వాగు దగ్గరే ఉన్నారు. మిణుగు ఒక్కతే బాణంలా దూసుకుపోయి, పందిని బండరాయి దగ్గర అడ్డగించింది.

పందిని ఆపాలంటే రెండు కుక్కలు కావాలి పిల్లలూ. ఒకటి ముందు నిలవాలి, ఇంకొకటి వెనక నుంచి కరవాలి. ఒక్కటే ఉంటే పంది పొట్ట చీల్చేస్తుంది.

"ఏమే పిల్లా, ఒంటరిగా వచ్చావే! నీ తోడేది?" అంది పంది కోరలు రాయికి రుద్దుకుంటూ.

"మా అమ్మ వస్తోంది. మా అమ్మెవరో తెలుసా? నేరేడు!" అంది మిణుగు. తర్వాత గట్టిగా పిలిచింది: "అమ్మా! ఆపాను! నువ్వు అటు పక్కకి రా!"

నేరేడు గుట్ట కింద, నెత్తురోడే కాళ్ళతో, నేలకు కరుచుకుపోయి ఉంది. "వస్తున్నా" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాటంటే పరువు నిలుస్తుంది. వెనక ఊరి కుక్కలన్నీ వింటున్నాయి. ఆ మాటంటే మిణుగు అక్కడే నిలబడుతుంది. నిలబడి చస్తుంది.

నేరేడు గొంతు చించుకుని అరిచింది: "నేను రాలేను! మిణుగూ, వచ్చెయ్! నాకు పరుగు లేదు!"

"ఊరికే అనకమ్మా! నువ్వు రాలేకపోవడమేంటి?"

"నిజమే చెప్తున్నాను! ఆ కుందేలు నిద్రలో దొరికింది! అన్నీ ఉడుము చూపించినవే! నేను దేన్నీ తరమలేదు! పక్కకి దూకు!"

మిణుగు ఒక్క క్షణం తల్లి వైపు చూసింది. ఆ ఒక్క క్షణం చాలు పందికి. కోర విసిరింది. మిణుగు దూకింది. పొట్ట దక్కింది, కుడిచెవి సగానికి చీలిపోయింది. పంది గుట్ట దిగి అడవిలో కలిసిపోయింది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. వేట నుంచి ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు. ఆ రోజు కుండలకు కుండలు ఖాళీ అయ్యాయి. "ఏటి మావా, పంది నిన్ను చూసి జాలిపడి వదిలేసిందా?" అని గురుబారి మొగుణ్ణి ఎకసెక్కమాడింది. మిణుగు చెవి చూసి మాత్రం కుండ కింద పెట్టి, పసుపు తేవడానికి లోపలికి పరిగెత్తింది. వారం తిరక్కుండా పందులు చేనులో సగం తవ్వేశాయి. బుద్రన్న నేరేడు అరికాలు చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నొక్కి చూసి, వదిలేశాడు. తర్వాత ఇంకో కుక్కను ముందు కుక్కను చేశాడు.

మిణుగు తల్లి పక్కన పడుకోవడం మానేసింది. మూడో రోజు దూరం నుంచే అడిగింది:

"ముళ్ళపంది కూడానా?"

"అది కూడా."

"అడవికోడి?"

"అదీ అంతే."

మిణుగు వెనుదిరిగి వెళ్ళిపోయింది.

నేరేడు మర్నాటి నుంచి అందరూ చూస్తుండగానే నడిచింది. ముందు మట్టి మీద, తర్వాత గులకరాళ్ళ మీద. నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వి నవ్వి వాళ్ళకే విసుగొచ్చింది. కొన్నాళ్ళకు పరుగు కూడా మొదలుపెట్టింది.

ఒక పొద్దున చీలిన చెవితో మిణుగు వచ్చి పక్కన నిలబడింది.

"ఎంత దూరం పరిగెత్తగలవు? నిజం చెప్పు."

నేరేడు దారి వంక చూసింది. పాతరోజుల్లో అయితే ఆ కొండ అవతలి దాకా అనేది.

"ఆ జీలుగు చెట్టు దాకా. తర్వాత కూర్చుంటాను."

"సరే," అంది మిణుగు. "చెట్టు దాకా నేను నీ వెనక. చెట్టు దాటాక నువ్వు నా వెనక, మెల్లగా రా."

రెండూ ఒకేసారి దూకాయి.

నీతి: లేని సత్తువ ఉన్నట్టు నటిస్తే, మనల్ని నమ్మి ముందుకు దూకినవాళ్ళకే దెబ్బ తగులుతుంది. చేతకానప్పుడు చేతకాదని చెప్పి, మళ్ళీ మొదటి అడుగు నుంచి నేర్చుకోవాలి.