ముంతలో నిన్నటి పెరుగు

ఏడు సముద్రాలకి ఇవతల, ఎర్రమట్టి కొండల నడుమ, కుందనగిరి అని ఒక రాజ్యం ఉండేదట. దాన్ని ఏలే రాజు మహీధరుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భుజబలుడు, నడిపివాడు చిత్రసేనుడు, కడగొట్టువాడు వసంతుడు. వసంతుడు పుట్టిన నాడే రాణిగారు కన్నుమూసింది. అందుకని అమ్మ ఎట్లా ఉంటుందో వాడికి తెలీదు.

ఆ రాజ్యంలో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళికూతురు అత్తారింటికి పోతూ పుట్టింటి పెరుగు ఒక ముంతలో పట్టుకెళ్తుంది. అక్కడి పాలకి ఆ పెరుగే తోడు వేస్తారు. ఇవాళ్టి పాలకి నిన్నటి పెరుగు, రేపటి పాలకి ఇవాళ్టి పెరుగు. అట్లా ఆ తోడు తెగిపోకుండా చూసుకుంటారు. రాణిగారు తెచ్చిన తోడూ కోటలో అట్లాగే నడుస్తోంది. ఆమె పోయాక వంటింట్లో మంగమ్మవ్వ ఆ పని చేసేది. వసంతుడు అవ్వ కొంగు పట్టుకుని తిరుగుతూ తనూ నేర్చుకున్నాడు.

రాజుగారికి మాత్రం దేని మీదా మనసు లేదు. ఒకనాడు మందరుడనే మాంత్రికుడు వచ్చి, "రాజా, ఏడు సముద్రాలవతల నా దీవిలో ఒక కొలను ఉంది. గడిచిపోయిన రోజులన్నీ అందులో కనిపిస్తాయి" అన్నాడు. రాజుగారు కట్టుబట్టలతో వాడి వెంట వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకి ఒక ముసలి తాబేలు ఏడు సముద్రాలూ ఈది రాకుమారుల దగ్గరికి వచ్చింది. "మీ నాన్న కొలను గట్టున కూర్చుని లేవడం లేదు. కాళ్ళ నుంచి రాయి అయిపోతున్నాడు. రాయి గుండె దాకా వచ్చిందా, ఇక మనిషి దక్కడు. అట్లా రాయైన వాళ్ళ మిగిలిన ఆయుష్షంతా మాంత్రికుడికి పోతుంది" అని చెప్పింది.

పెద్దవాడు వెళ్ళాడు. ఒక్కసారి కొలనులోకి తొంగి చూశాడు. చిన్నప్పటి గుర్రప్పిల్ల కనిపించింది. తండ్రి పక్కనే కూలబడ్డాడు.

నడిపివాడు, "వెనకటిది ఏదీ తలుచుకోనే తలుచుకోను" అంటూ వెళ్ళాడు. "అయితే ఇది తాగు నాయనా" అని మాంత్రికుడు మరపు మందు ఇచ్చాడు. వాడు తండ్రినీ మరిచాడు, వచ్చిన పనీ మరిచాడు. ఒడ్డున గవ్వలు ఏరుకుంటూ పాటలు పాడుకుంటున్నాడు.

ఇక వసంతుడు బయల్దేరాడు. మంగమ్మవ్వ ముంత చేతికిచ్చింది. "నాకు చూపు ఆనడం లేదు నాయనా, చేతులు వణుకుతున్నాయి. ఈ తోడు ఇక నీది. రోజూ పొద్దుగూకే వేళకి పాలు తోడు పెట్టు. మీ నాన్నకి ఒక్క ముద్ద తినిపించు."

"సముద్రం మీద పాలెక్కడివి అవ్వా?"

"నేను లేనూ?" అని అవ్వ వెనక నుంచి ఒక మేక అంది. "పిండడం వచ్చా అబ్బాయీ, లేక రాజుల బిడ్డలకి తాగడమే వచ్చా?"

తాబేలు వీపు మీద వసంతుడు, మేక, ముంత. ఒక సముద్రం కుంకుమలా ఎర్రగా ఉంది. ఒక సముద్రంలో చేపలు దీపాల్లా వెలుగుతూ గుంపులుగా పోతున్నాయి. ఒక సముద్రానికి అసలు చప్పుడే లేదు. తన గుండె కొట్టుకోవడం తనకే వినిపించి వసంతుడు చేతులు జోడించాడు. ఏ సముద్రమైనా సరే, పొద్దుగూకితే పాలు పిండి, నాలుగు పుల్లలు వెలిగించి కాచేవాడు. "వీపు కాలుతోందయ్యా" అని తాబేలు గొణిగేది. వసంతుడు చిటికెన వేలు పాలలో ముంచి, వేడి చూసి, వేలు విదిల్చి, అప్పుడు తోడు వేసేవాడు.

దీవిలో దిగగానే రాతిమనుషులు వరసగా కనిపించారు. చివర్న రాజుగారు, నడుం దాకా రాయి. ఆయన పక్కనే భుజబలుడు. ఎంత పిలిచినా ఇద్దరూ తల తిప్పలేదు.

మాంత్రికుడు నవ్వుతూ వచ్చాడు. "మీ అమ్మని చూస్తావా రాకుమారా?"

ఆ మాటకి వసంతుడు కొలను గట్టుకి నడిచాడు. చూశాడు. నీళ్ళు అద్దంలా నిలిచాయి. మొదటిరోజు మెట్టెలు పెట్టుకున్న పాదాలు కనిపించాయి. ఊపిరి తీసుకోవడం కూడా మరిచి చూస్తుంటే, "పొదుగు నొప్పెడుతోంది అబ్బాయీ, పొద్దుగూకింది" అని మేక అరిచింది. వసంతుడు లేచాడు. రెండోరోజు ఆమె జడ, జడలో సన్నజాజులు. మళ్ళీ మేక అరిచింది. అతికష్టం మీద లేచాడు.

మూడోరోజు ఆమె చేతులు కనిపించాయి. పాలగిన్నె ముందు కూర్చుంది. చిటికెన వేలు పాలలో ముంచి, వేలు విదిల్చి, తోడు వేసింది. ఇక ముఖం ఇటు తిప్పబోతోంది. వసంతుడి పాదాలు రాయిలా బరువెక్కాయి. మేక పిలిచింది. తాబేలూ పిలిచింది.

వసంతుడు తన చిటికెన వేలు చూసుకున్నాడు. అమ్మ దగ్గర అవ్వ నేర్చుకుంది, అవ్వ దగ్గర తను నేర్చుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి తన చేతిలోనే ఉంది. ఆ ముఖం చూడకుండానే లేచాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి పాలు పిండాడు.

పసితనంలోనే మాంత్రికుడి చెరలో పడ్డ పొగడ అనే రాజకుమార్తె ఇదంతా చూసింది. "ఇక్కడికొచ్చి లేచినవాళ్ళని నేనెరగను. మీకొకటి చెప్తాను. వాడి ప్రాణం ఆ పంజరంలోని చిలకలో ఉంది. ఆ చిలక పాత మాటలే పలకాలి. ఒక్క కొత్త మాట పలికిందా, వాడు లేడు. అందుకే దానికి నాచేత పుచ్చిన గింజలే పెట్టిస్తాడు" అంది.

మర్నాడు వసంతుడు తాజా పెరుగన్నం కలిపి పంజరం ముందు పెట్టాడు. "పోయిన రోజులే బంగారం, పోయిన రోజులే బంగారం" అంటోంది చిలక. ఒక మెతుకు తిన్నది. ఆగింది. ఇంకో మెతుకు తిన్నది. తల పక్కకి వాల్చి, వసంతుడి వంక చూసి, "ఇంకొంచెం పెట్టు" అంది.

అంతే. మాంత్రికుడు నిలుచున్నచోటే ఎండుటాకుల కుప్పయ్యాడు. వాడు దోచుకున్న రోజులన్నీ ఆ కుప్పలోంచి తెల్లని పిట్టలై లేచాయి. ఆకాశం పట్టనన్ని పిట్టలు. వాటి రెక్కల గాలికి రాతిమనుషులు కదిలారు. భుజబలుడు లేచి నిలబడ్డాడు. చిత్రసేనుడి చేతిలో గవ్వలు జారిపడ్డాయి. "అయ్యో, నాన్నగారేరి?" అంటూ పరిగెత్తుకొచ్చాడు.

రాజుగారి ఒంట్లో రాయి కరిగింది. కానీ ఆయన లేవలేదు. కొలనులో ఇప్పుడు ఒట్టి నీళ్ళు, నాలుగు చేపపిల్లలు. "ఎందుకు చెరిపావురా? మీ అమ్మ ఇక్కడే ఉంది" అన్నాడు కోపంగా.

వసంతుడు పెరుగన్నం ఒక ముద్ద కలిపి తండ్రి నోటికి అందించాడు. రాజుగారు నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఇది మీ అమ్మ తోడు" అన్నాడు మెల్లిగా.

"అవును నాన్నగారూ. నిన్న సాయంత్రం నేను తోడు పెట్టాను."

రాజుగారు కొడుకు ముఖం వంక చూశాడు. పుట్టిన నాటి నుంచీ ఆ ముఖాన్ని అంతసేపు ఆయన చూసింది లేదు. తర్వాత చెయ్యి చాచి, "లేవదీయరా" అన్నాడు.

కుందనగిరిలో ఊరంతా పందిళ్ళు వేసి వసంతుడికీ పొగడకీ పెళ్ళి చేశారు. పొగడకి పుట్టిల్లు ఎక్కడో తెలీదు, ఆమె వెంట ముంత రాలేదు. మంగమ్మవ్వ పాత ముంత ఆమె చేతిలో పెట్టి, "ఇదే నీ పుట్టిల్లనుకో తల్లీ" అంది. వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. మేక మాత్రం చచ్చేదాకా, "రాజ్యం నిలబెట్టింది నా పొదుగే" అని చెప్పుకుంటూ తిరిగింది.

కథ అయిపోయింది. పొద్దుగూకింది, పొయ్యి మీద పాలు గోరువెచ్చగా ఉన్నాయేమో వేలు పెట్టి చూడండి.