దిబ్బ వెనక నుయ్యి

కొత్తరేవులో ఎర్రన్న గురువు దగ్గరికి ఎవరు ఏ సందేహంతో వచ్చినా, ఆయన ముందు మాట విననే వినడు. పాక చూరు కింద కుండలోంచి చెంబుడు నీళ్లు ముంచి చేతికిస్తాడు. వచ్చినవాడు తాగి మూతి తుడుచుకున్నాక, "ఇప్పుడడుగు" అంటాడు. సగంమంది ఆ నీళ్లతోనే చల్లబడి, అడగాల్సింది మరిచిపోయి, చేపల ధర మాట్లాడుకుని వెళ్లిపోయేవారు. ఆ నీళ్లు ఊరి నూతివి. కేకేస్తే సముద్రానికి వినపడేంత దగ్గర్లో ఉండి కూడా తియ్యటి నీళ్లిచ్చే నుయ్యి అది. ఊళ్లోకి చుట్టాలొస్తే వాళ్లకు ముందు ఆ నీళ్లే ఇచ్చి, ఏమంటారా అని మొహంలోకి చూసేవాళ్లు.

ఆయన శిష్యుల్లో దానేసు ఒకడు. వేట లేని రోజుల్లో గురువు పాకకు తాటాకు కప్పేవాడు, సాయంత్రాలు తత్వాలకు తాళం వేసేవాడు. చురుకైనవాడు. నలుగురిని కూడగట్టి పని చేయించగలడు. కాకపోతే ఏ ప్రశ్నకైనా అవునో కాదో ఒకటే జవాబు ఉండాలని పట్టుబట్టే రకం. ఆ యేడు దసరా వెళ్లిన వారానికి అతను టౌనులో ఏదో మీటింగుకు వెళ్లొచ్చి, తిన్నగా పాకకు వచ్చాడు. ఇచ్చిన నీళ్లు గటగటా తాగేశాడు.

"గురువుగారూ, ప్లాస్టిక్కు సంచీలు మానీమన్నారు, మొక్కలు నాటమన్నారు. భూమి ఏడెక్కిపోయి సముద్రం మీదకొస్తందంట. మన ఊరు ఇప్పటికే రెండుసార్లు ఎనక్కి జరిగింది. మనకి కార్లున్నాయా, ఫ్యాక్టరీలున్నాయా? ఎవులో ఎక్కడో సేసినదానికి గంగమ్మ మన ఇళ్లమీదకొస్తంటే, మనం సేసేది ఏదన్నా పనికొస్తాదా, పనికిరాదా? ఆ ఒక్క ముక్క సెప్పండి."

ఎర్రన్న ఖాళీ చెంబు అందుకుని బోర్లించాడు. "ఆ ముక్క నాకూ తెలీదురా" అన్నాడు. దానేసుకు ఒళ్లు మండింది. తెలియకపోతే గురువెందుకు అని దారి పొడుగునా గొణుక్కుంటూ ఇంటికి పోయాడు.

కార్తీకం వచ్చేసరికి పోటు పోటుకీ సముద్రం దగ్గరైంది. మొదటి వరసలో పద్నాలుగు ఇళ్లు, అందులో దానేసుది ఒకటి. భార్య రాజులమ్మ ఆడపిల్లను కని అప్పటికి ఐదారు రోజులే అయింది. పచ్చి బాలింతను, పసిగుడ్డును ఎక్కడికి తీసుకుపోతాడు? కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చివరికి ఒక ట్రాక్టరు వచ్చింది. దాన్నిండా ఖాళీ ప్లాస్టిక్కు సంచీలు. వాటిని మానెయ్యమని చెప్పిన టౌను నుంచే వచ్చాయి. "ఇసక మీ ఊళ్లోనే ఉంది కదా, నింపుకోండి" అని, తెచ్చిన గుమస్తా చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

రేవు ఒడ్డున గుంట తవ్వితే ఇసక కంటే ముందు నీళ్లు ఊరుతున్నాయి. పొడి ఇసక ఉన్నది ఊరికి దక్షిణాన దిబ్బలోనే. మనిషెత్తు దిబ్బ, దానిమీద మొగలి పొదలు, అల్లుకుపోయిన తీగ. ఆ తీగ మీద మేకల్ని మేపినా, పిల్లలు జారుడు ఆడినా వెనకటివాళ్లు ఊరుకునేవారు కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. దానేసు పారలు పట్టుకున్న మనుషుల్ని దిబ్బ దగ్గర నిలబెట్టి, ఒక మాట చెప్పి పోదామని గురువు దగ్గరికి వచ్చాడు.

"దిబ్బెనకాల ఏటుందిరా?" అన్నాడు ఎర్రన్న.

"నుయ్యుంది. నుయ్యెక్కడికి పోద్ది గురువుగారూ? పోతన్నవి ఇళ్లు. పోటు తగ్గాక ఇసక మళ్లీ తెచ్చి పోసేద్దాం."

ఎర్రన్న దానేసు ఇంటివైపు చూశాడు. గుమ్మంలో రాజులమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చుని ఉంది. ఆయన లేచి తలకు తువ్వాలు చుట్టుకుని శిష్యుడి వెంట నడిచాడు. డెబ్బై దాటిన మనిషి, రెండు రోజులు అందరితో పాటు సంచీలు మోశాడు. గురువంతటివాడు భుజం పట్టాక ఇక సందేహమేముందని దానేసు మరింత హుషారుగా మొగలి వేళ్లు నరికించాడు.

పున్నమి నాడు పట్టపగలే వచ్చింది పోటు. ఊరంతా మొదటి వరస దగ్గర నిలబడి చూసింది. అలలు సంచీల గోడను కొట్టి కొట్టి, మధ్యాహ్నానికి అలిసిపోయినట్టు వెనక్కి తగ్గాయి. ఒక్క ఇల్లు కూడా పోలేదు. ఆడవాళ్లు గంగమ్మకు మొక్కుకున్నారు. మగవాళ్లు దానేసును భుజాలకెత్తుకున్నారు. అతను ఆ భుజాల మీంచే, "పనికొచ్చింది గురువుగారూ" అన్నాడు. ఎర్రన్న దక్షిణం వైపు చూస్తున్నాడు. అటు చూడాలని ఇంకెవరికీ తోచలేదు.

పోటు వెళ్లిన మర్నాడే పిల్లకు ఇరవై ఒకటో రోజు. ఆ నాడు బాలింత చేత నూతిలో చేద వేయించడం ఆ ఊరి ఆచారం. నూతి గట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆ పొద్దుటి మొదటి చేద తల్లి తోడితే, ఆ నీళ్లలో వేలు ముంచి గురువు బిడ్డ నాలుకకు రాస్తాడు. అప్పటినుంచి ఆ బిడ్డ ఆ ఊరిది అయినట్టు. దానేసు కూతురికి కూడా అలాగే రాశాడు ఎర్రన్న. పిల్ల మొహం చిట్లించి గుక్కపట్టి ఏడ్చింది. పసిపిల్లలు ఏడవక ఏం చేస్తారని ముత్తయిదువులు నవ్వారు. తర్వాత రాజులమ్మ దోసిలితో ఒక గుక్క తాగి, తాగలేక ఊసేసింది. పోటునాడు గోడ దగ్గర దారి దొరకని ఉప్పునీరు, దిబ్బ తెగినచోటి నుంచి చుట్టు తిరిగి వచ్చి నూతిలో దిగింది. పాటలు పాడేవాళ్లు పళ్లేలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఇల్లు నిలబెట్టేవు" అంది రాజులమ్మ మొగుడితో, మెల్లగానే. "పిల్లకేటి పడతావు?"

దానేసు నూతిని మూడుసార్లు తోడించాడు. మూడుసార్లూ ఉప్పే ఊరింది. అన్న మాట నిలబెట్టుకుందామని ముప్పై సంచీలు విప్పి ఇసక తెచ్చి దిబ్బమీద పోశాడు. తీగా వేరూ పట్టిన ఇసక వేరు, తెచ్చి పోసిన ఇసక వేరు. నాలుగు రోజుల గాలికి అది పొలాల్లోకి కొట్టుకుపోయింది. ఇంకా విప్పుదామంటే ఇళ్లున్నాయి. అతనికి బతుకు మీద అసహ్యం పుట్టింది. తాళం ముట్టుకోవడం మానేశాడు. ఆడవాళ్లు తెల్లారగానే బిందెలెత్తుకుని రెండు మైళ్లు నడవడం మొదలుపెట్టారు. వాళ్లు తన గుమ్మం ముందునుంచి పోతుంటే అతను లోపలే ఉండిపోయేవాడు.

మాఘమాసం ఎండలకే సంచీలు పిగిలిపోయాయి. వైశాఖంలో మళ్లీ ట్రాక్టరు వచ్చింది, దాన్నిండా మళ్లీ ఖాళీ సంచీలు. అలలు గడపకు బారెడు దూరంలో ఉన్నాయి. ఊరివాళ్లు దిబ్బలో మిగిలిన సగం దగ్గర పారలతో నిలబడ్డారు. పొమ్మన్నా తవ్వమన్నా దానేసే అనాలి. అతను ఇన్నాళ్ల తర్వాత కాళ్లీడ్చుకుంటూ గురువు పాకకు వచ్చాడు.

"గురువుగారూ" అన్నాడు, "ఇప్పుడు నాను..."

ఎర్రన్న చెయ్యెత్తి ఆపాడు. చూరు కింద కుండలోంచి చెంబు ముంచి ఇచ్చాడు. ఊరంతా దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లు తాగుతుంటే, ఆయన ఒక్కడే ఇంకా ఆ నూతి నీళ్లే తోడుకుంటున్నాడని దానేసుకు నోట్లో పోసుకున్నాక గానీ తెలియలేదు. ఊసెయ్యబోయాడు. గురువు తనకేసే చూస్తున్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతుండగా ఒక్కో గుక్కే మింగుతూ చెంబు ఖాళీ చేశాడు. దిబ్బ దగ్గర ఎవరో అతన్ని పేరు పెట్టి కేకేస్తున్నారు.

ఎర్రన్న చెంబు అందుకుని బోర్లించాడు.

"దాహం తీరిందా?" అన్నాడు. "తీరితే అడుగు."