గుర్రాల మిఖాయేలు పేరు

సాగరకోటనేలే దుగ్గభూపతికి పేర్ల పిచ్చి పట్టింది. ఆస్థాన పండితుడు విద్దనాచార్యులు ఆయనకు 'దైవసముడు' అని బిరుదు తగిలించి, రోజూ కొలువులో గొంతెత్తి చదివేవాడు. అది మొదలు కొలువుకొచ్చిన ప్రతివాడూ తన పేరుకు అర్థం చెప్పాలన్నారు రాజుగారు. నచ్చితే బహుమానం. బిరుదుకు భంగమైతే చెర.

రాజుగారికి తమలపాకులు చుట్టి అందించే కుప్పసాని సింహాసనం వెనక నిలబడి ఈ తతంగమంతా చూస్తుండేది.

ఒకనాడు యూదుడైన గుర్రాల వర్తకుడొకడు రేవులో దిగి కొలువుకొచ్చాడు. ముసలివాడు. పేరు మిఖాయేలు. దారిలోనే ఆచార్యులు అతని నల్లగుర్రాన్ని ఊరికే ఇమ్మని అడిగాడు. అతను ఇవ్వలేదు.

"నీ పేరుకు అర్థమేమిటి?" అన్నాడు రాజు.

"మా హీబ్రూలో 'దేవుడిలాంటివాడు ఎవడు?' అని ప్రభూ. ఎవరూ లేరని ఒప్పుకోవడమే దాని భావం. ఎంత కలిగినా తలెగరెయ్యొద్దని మా అమ్మ పెట్టింది. ఎవరు పిలిచినా ఆ సంగతి గుర్తొస్తుంది."

ఆచార్యులు ముందుకొచ్చాడు.

"ఏలినవారు చిత్తగించాలి. 'దేవుడిలాంటివాడు ఎవడు?' అని పిలిస్తే ఇతగాడు 'ఇదిగో నేనే' అని పలుకుతాడు. అంటే దైవసముడు తానేనని చాటుకుంటున్నట్టే. ఇది రాజద్రోహం. గుర్రాలు లాక్కుని చెరలో వేయించండి."

రాజు ముఖం గంటుపెట్టుకున్నాడు. భటులు ముసలాయన రెక్కలు పట్టుకున్నారు. అది చూసి కుప్పసాని ఊరుకోలేకపోయింది.

"సెలవైతే ఒక్క మాట ప్రభూ. నేరం రుజువు కావాలి కదా. ఆచార్యులవారినే ఒకసారి పిలవమనండి. ఇతనేమని పలుకుతాడో అందరం విందాం" అంటూ, వర్తకుడి వైపు చూసి పెదవి మీద వేలు పెట్టింది.

ఆచార్యులు హుషారుగా గొంతు సవరించుకున్నాడు. "మిఖాయేల్" అన్నాడు. సభలో ఉలుకూ పలుకూ లేదు. ఇంకా గట్టిగా పిలిచాడు. వర్తకుడు నోరు విప్పలేదు.

కుప్పసాని రాజుకు చేతులు జోడించింది.

"విన్నారు కదా ప్రభూ. దేవుడిలాంటివాడు ఎవడని ఆచార్యులవారు తమ ఎదుటే నిలబడి అడుగుతున్నారు. రోజూ బిరుదు చదివే మనిషికి ఇంకా అనుమానం తీరినట్టు లేదు."

రాజు చురుగ్గా చూశాడు. ఆచార్యులు గబగబా చేతులూపాడు.

"అయ్యయ్యో, నేనెక్కడ అడిగాను? ఉత్తినే పేరు పెట్టి పిలిచానంతే."

"అలాగా స్వామీ. పిలిచిన మీది ఉత్త పిలుపే అయితే, పలికే ఆయనది ఉత్త పలుకే కదా."

రాజు గడ్డం నిమురుకుని ఫక్కున నవ్వాడు.

"ఆయన్ని వదలండి. దేవుడిలాంటివాడు ఎవడని నా కొలువులో రెండుసార్లు అడిగితే, నేను కూడా పలకలేదు."

కొలువంతా గొల్లుమంది. రాజు తన చేతి కడియం తీసి కుప్పసానికిచ్చాడు. అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా గట్టిగా నవ్వింది మాత్రం ఆచార్యులే.