గవరయ్య కురచ కర్ర

అనగనగా ఒక వెదురు అడవిలో పోలమ్మ అనే ముసలి ఎలుగుబంటి కర్రసాము నేర్పేది. పిల్లలూ, ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్లలో గవరయ్య అనే కొండముచ్చు మహా చురుకు. కాకపోతే చప్పట్లంటే చెవి కోసుకునేవాడు.

పోలమ్మ మొదటి రోజే చెప్పింది. "కర్ర నీ చెవి దాకా ఉండాలిరా. కత్తి పట్టినవాడు శత్రువు పక్కకు పోవాలి. కర్ర అయితే శత్రువును నీ పక్కకే రానివ్వదు. ప్రాణం తీయకుండానే ప్రాణం కాపాడుతుంది. దాని బలమంతా పొడుగులోనే ఉంది."

గవరయ్యకు ఆ పొడుగే గిట్టలేదు. తిప్పుతుంటే ఒకసారి నేలకు తగిలింది. ఇంకోసారి కొమ్మకు తగిలింది. మూడోసారి తన తోకకే తగిలింది. చూడ్డానికొచ్చిన కుందేళ్లు పడీపడీ నవ్వాయి. వాడికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే కర్రను నడుమెత్తుకు కొరికేశాడు. కొరికిన చోట తెల్లగా కనబడకుండా బురద పూశాడు.

ఇక చూడండి వాడి వైభోగం! కర్ర గిర్రున తిరిగింది. కుందేళ్లు చప్పట్లు కొట్టాయి.

"ఏరా, కర్ర కురచైందేంటి?" అని అడిగింది పోలమ్మ.

"నేనే పొడుగయ్యాను అవ్వా!" అన్నాడు గవరయ్య.

అనేశాడే గానీ, ఆ తర్వాత ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాడు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు ఆవిడ గుహ దాకా వెళ్లాడు. సిగ్గేసి వెనక్కి వచ్చేశాడు.

సాము నేర్చినవాళ్లు వంతులవారీగా వాగు దగ్గర కాపలా కాయాలి. అది అక్కడి ఆనవాయితీ. గవరయ్య వంతు నాడు జింకపిల్ల నీళ్లు తాగుతుండగా తోడేలు దూకింది. గవరయ్య కర్ర చాచాడు. అందలేదు. ముందుకు జరిగి కొట్టబోయాడు. తోడేలు కర్ర కిందుగా దూరి వాణ్ని పక్కకు తోసేసింది. జింకపిల్ల కేక విని పోలమ్మ పరుగున వచ్చి, ఉత్త చేతులతోనే అడ్డం పడింది. చివరికి తోడేలు పారిపోయింది. కానీ పోలమ్మ కుడిచేతిని నమిలేసి మరీ పోయింది. ఆ చెయ్యి ఇక కర్ర పట్టే చెయ్యి కాదు.

జింకపిల్ల వణుకుతూ అడిగింది, "గవరయ్యన్నా, నీ కర్ర ఎందుకు అందలేదు?"

ఆ గోలకు వచ్చి చేరిన అందరూ వాడి వైపే చూశారు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది గవరయ్యకు.

"నేనే కొరికేశాను. చప్పట్ల కోసం కొరికేశాను. అవ్వకు అబద్ధం చెప్పాను," అన్నాడు.

పోలమ్మ మెల్లగా అంది, "నాకు ఆ రోజే తెలుసురా. నీ అంతట నువ్వే వచ్చి చెబుతావని ఎదురుచూశాను. అలా చూస్తూ నిన్ను కాపలాకు పంపడం నా తప్పే."

తిట్టినా బాగుండేది. రెండు తగిలించినా బాగుండేది. తప్పు తన మీద వేసుకున్న అవ్వ ముందు గవరయ్య తల ఎత్తలేకపోయాడు. చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

నీతి: మెప్పు కోసం చేసిన తప్పును సిగ్గుపడి దాచుకుంటే, ఆ దెబ్బ మనల్ని నమ్మినవాళ్లకు తగులుతుంది.