రాజుగారి పనిముట్ల పెట్టె

గవ్వలపాడు రాజుగారికి ఉన్నట్టుండి వడ్రంగం మీద మోజు పుట్టింది. ఇంకా ఒక్క మేకైనా కొట్టలేదు, అప్పుడే వెండి పిడుల ఉలులు, తాడిచెట్టంత రంపాలు కొనాలని, ఏటి మీద వంతెనకు దాచిన సొమ్మంతా బయటికి తీయించారు.

సంగతి తెలిసి వడ్రంగి మౌనాచారి రాజుగారి దగ్గరికి పరుగెత్తాడు. వంతెన లేకే అతని అత్తగారు ఏటా కూతుర్ని చూడటానికొచ్చి, ఏరు పొంగిందని వానాకాలమంతా అల్లుడింట్లోనే ఉండిపోతోంది.

"ప్రభూ, మావాళ్లలో ఒక ఆచారం ఉంది. కొత్తగా పని నేర్చేవాడు తన పెట్టె తానే చేసుకుని, అందులో పట్టినన్ని పనిముట్లే కొనాలి. అందాకా నా రంపం, సుత్తి వాడుకోండి" అన్నాడు.

"ఓస్, అంతేనా! ఏనుగు పట్టే పెట్టె చేస్తాను చూడు!"

కొలిచి కోయడం నామోషీ అనుకుని రాజుగారు కంటి అంచనాతోనే కోశారు. ఎడమ పలక పొడవైంది. దాన్ని కోస్తే కుడిది పొడవైంది. దాన్నీ కోశారు, మళ్లీ దీన్నీ కోశారు. చివరికి తయారైన పెట్టెను మంత్రి చూసి, తాంబూలం పెట్టె అనుకుని వక్కల కోసం వెతికాడు.

"ఇందులో ఏం పడుతుందోయ్?" అన్నారు రాజుగారు నీరసంగా.

"కొలతాడు చుట్టి పెడితే సరిగ్గా పడుతుంది ప్రభూ. తమరు ముందుగా కొనాల్సిందీ అదే."

రాజుగారు పడీపడీ నవ్వి, తాడొక్కటే కొన్నారు. మిగతా సొమ్ముతో వంతెన లేచింది.

దాన్ని అందరికంటే ముందు దాటి అత్తగారు తన ఊరు వెళ్లిపోయింది. దారి ఇంత బాగుందా అని మర్నాడే మామగారిని కూడా వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.