మూత లోపలి గీత

ఓబులేసుకు ఒక్కటి తప్ప అన్నీ వచ్చు. ఆగిపోయిన గడియారాన్ని నడిపించడం వచ్చు. వాన నీళ్లలో నానినదాన్ని విప్పి, ఆరబెట్టి, తుప్పు గీకి దానికి మళ్లీ ప్రాణం పోయడం వచ్చు. కానీ ఎవరైనా పాత చేతిగడియారం ముందు పెట్టి “దీని ధర ఎంతప్పా?” అంటే మాత్రం నోరు విప్పడానికి లేదు. పని నేర్పిన ఉస్తాద్ ఒప్పుకోడు.

ఆదోనిలో పత్తి మండీకి పోయే దారిలో ఉన్న ఆ గడియారాల కొట్టును అందరూ ఎడంచేతి ఉస్తాద్ కొట్టు అంటారు. ఆయన అసలు పేరు హయాత్‌సా. పుట్టుకతోనే ఎడమచేతి వాటం. అన్నం తప్ప అన్ని పనులూ ఆ చేత్తోనే. పాత స్విస్ గడియారాలు కొనేవాళ్లు బళ్లారి నుంచి, రాయచూరు నుంచి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. కంటికి భూతద్దం బిగించి, వెనక మూత తెరిచి, చూసి, ఆయన ఒక ధర చెప్పాడంటే ఇక బేరం ఉండదు. కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ తల ఊపాల్సిందే.

“ధర కట్టడం నాకెప్పుడు నేర్పిస్తారు ఉస్తాద్?” అని ఓబులేసు అప్పుడప్పుడూ అడిగేవాడు.

“ఏం, తొందరైందా? ఇంట్లో పెండ్లాం పస్తు పెడతాందా?”

“అదేం లేదు ఉస్తాద్.”

“అయితే ఆ స్క్రూలు బిగించు పో.”

ఓబులేసు తొందర వేరే. ఉస్తాద్‌కు మతిమరుపు మొదలైంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. ఈ దీపం ఎన్నాళ్లు వెలుగుతుందో తెలియడం లేదు.

మొదట పేర్లు పోయాయి. మనవరాలిని చెల్లెలి పేరుతో పిలిచేవాడు. తర్వాత దారి పోయింది. ఒకసారి మధ్యాహ్నం నమాజుకు పోయి తిరిగి వస్తూ వీధి చివర గుడ్డల కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయాడు. “మా కొట్టు తలుపు మార్చిందెవరు?” అని ఆ కొట్టాయన్నే అడిగాడట. ఆయన నవ్వుకుంటూ చెయ్యి పట్టుకుని తెచ్చి దింపిపోయాడు. ఓబులేసుకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత పనిలో మరుపు వచ్చింది.

ఒకనాడు ఉస్తాద్ బాగుచేసి పక్కన పెట్టిన గడియారం సరిగా నడవడం లేదు. ఓబులేసు తెరిచి చూస్తే లోపల నూనె మడుగు కట్టి ఉంది. వేసిన సంగతి మరిచి మళ్లీ వేశాడన్న మాట. ఆయన నమాజుకు పోయినప్పుడు ఓబులేసు దాన్ని విప్పి, కడిగి, బిగించి, ఉన్నచోటే పెట్టేశాడు. ఉస్తాద్ వచ్చి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని “ఊఁ” అన్నాడు. ఆ ఒక్క మూలుగుకు ఓబులేసు కడుపు నిండిపోయింది.

తర్వాత అదే అలవాటైంది. ఉస్తాద్ మసీదుకు బయలుదేరడం, ఓబులేసు ఆ పొద్దటి పనిని గబగబా విప్పి చూడడం. కొన్ని బాగానే ఉండేవి. కొన్ని ఉండేవి కావు. తండ్రి లాంటివాడి పరువు కాపాడుతున్నానని ఓబులేసుకు లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

అయితే ఆ వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. గడియారం విప్పినవాడు దాన్ని మళ్లీ మూసేముందు మూత లోపలి వైపు సూదితో తన గుర్తు గీయాలి. అది మామూలు కంటికి ఆనదు, భూతద్దం కిందే కనిపిస్తుంది. ఒకరిది చుక్క, ఒకరిది కొక్కెం. ఉస్తాద్‌ది కొడవలి లాంటి వంపు. ఎడమచేత్తో గీసింది గనుక వెనక్కి తిరిగి ఉంటుంది. పాత గడియారం ధర సగం ఆ గుర్తుల్లోనే ఉంటుంది. దాని మీద ఎన్ని చేతులు పడ్డాయి, ఎవరి చేతులు పడ్డాయి అన్నది అవే చెబుతాయి.

ఉస్తాద్ చాటున విప్పిన గడియారాల్లో ఓబులేసు తన గీత పెట్టలేదు. పెడితే ఎప్పుడో ఒకప్పుడు ఆయన కంట పడుతుంది. పెద్దాయన మనసు నొచ్చుకుంటుంది.

పైగా ఉస్తాద్‌కు ఇప్పుడు ఆ గీతలే ఆధారం. ఎవరు ఏ గడియారం తెచ్చినా ముందు మూత తెరిచి తన కొడవలి కోసం వెతుక్కునేవాడు. అది కనిపిస్తే మొహంలోకి నెత్తురు వచ్చేది. “ఇది నేను చూసిందే” అని ధైర్యంగా మాట్లాడేవాడు. మనుషుల మొహాలు మోసం చేసినా, తన గీత తనను మోసం చేయదని ఆయన నమ్మకం.

ఆ చలికాలంలో బళ్లారి నుంచి పంపన్న సెట్టి వచ్చాడు. పాత గడియారాల పిచ్చివాడు. ఉస్తాద్ దగ్గర ఒక చక్కటి స్విస్ గడియారం ఉందని విని బస్సెక్కి వచ్చాడు. ఏదో మిల్లు మేనేజరు ఇంటివాళ్లు అమ్ముకుంటే ఉస్తాద్ కొని, తానే బాగుచేసి పెట్టుకున్న గడియారం అది.

“ఏమప్పా ఓబులేసూ, ఇంగా స్క్రూల దగ్గరే ఉండావా? మీసాలు నెరుస్తాండాయి,” అన్నాడు సెట్టి వస్తూనే.

“ఉస్తాద్ ముందర నాకు నోరెక్కడిది సెట్టీ.”

“నా పెండ్లాం ముందర నేనూ అంతేలే. అలవాటైపోతుంది.”

ఉస్తాద్ కూడా నవ్వాడు. ఆ పొద్దు ఆయనకు మనసు తేటగా ఉంది. గడియారాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు. డయలు అసలుదే, రంగు పులమలేదు. ముళ్లు పాతవే. పక్కన తిప్పే కీ మాత్రం మారింది, దానికి ధరలో తగ్గించాలి. అన్నీ తడుముకోకుండా చెప్పాడు. తర్వాత కంటికి అద్దం బిగించి మూత తెరిచాడు.

చాలాసేపు చూశాడు. అద్దం తీసి పంచె అంచుతో తుడిచి మళ్లీ చూశాడు. ఓబులేసు చేతిలో స్క్రూ డ్రైవరు అలాగే ఆగిపోయింది.

ఉస్తాద్ మూత మూశాడు. “ఈ పొద్దు చెప్పలేను సెట్టీ.”

“ఇదేంది ఉస్తాదూ. నువ్వు చెప్పలేననడం నేనెప్పుడూ వినలేదే.”

“నేనూ వినలేదు,” అన్నాడు ఉస్తాద్.

మండీలో పని చూసుకుని సాయంత్రం వస్తానని సెట్టి వెళ్లిపోయాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా ఉస్తాద్ అటే చూశాడు. తర్వాత ఆ గడియారాన్ని ఓబులేసు ముందుకు జరిపాడు.

“చూసి ధర చెప్పు.”

ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట.  ఓబులేసు చేతులు లుంగీకి తుడుచుకుని గడియారం అందుకున్నాడు. పాఠం ఒప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. కేసు అంచులు అరగలేదు, పాలిష్ కొట్టలేదు. స్క్రూల తలలు చెదరలేదు. లోపల తుప్పు లేదు.

“చేతులు?”

“నాలుగు ఉస్తాద్. ఒకటి కొక్కెం. ఒకటి చుక్కలు. ఒకటి ఇంగ్లీషు అక్షరం. ఆఖరిది మీది.”

“నాలుగేనా?”

ఓబులేసు తల ఎత్తలేదు. “నాలుగే. ఎనిమిది వేలకు తక్కువ లేదు.”

“ఆ స్ప్రింగును పట్టుకున్న పిన్ను చూడు. ఏ పక్కనుంచి దూర్చినారు?”

 ఆ పిన్ను దూర్చింది ఓబులేసే. తనది కుడిచెయ్యి.

“కుడిపక్కనుంచి,” అన్నాడు.

“నేను ఏ పక్కనుంచి దూరుస్తా?”

 ఉస్తాద్ తన ఎడమచెయ్యిని ఒళ్లో పెట్టుకుని, ఎవరో మరిచిపోయి వదిలేసి పోయిన వస్తువును చూసినట్టు చూశాడు.

“గీత నాది. పని నాది కాదు. నేను ఎట్ల చేస్తానో ఈ చేతికే తెలీకుండా పోయింది అబ్బీ. పేర్లు పోయినాయి, సరేలే అనుకుంటి. దారి పోయింది, సరేలే అనుకుంటి. ఇది మిగిలుండాదిలే అని ధైర్యంగా ఉంటి.”

భూతద్దాన్ని తల మీంచి తీసి, దారం చుట్టి, ఓబులేసు పక్కన పెట్టాడు. “రేపట్నుంచి నేను రాను. కొట్టు నువ్వు చూసుకో.”

ఓబులేసుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే, ఆ చెయ్యి తనకు ద్రోహం చేసిందనుకుంటూ ఆయన ఇంటికి పోయి గోడవైపు తిరిగి పడుకుంటాడు. మళ్లీ లేవడు. నోరు విప్పితే, ఆ చెయ్యి నిజంగానే తప్పిందని తన నోటితోనే చెప్పాలి.

ఉస్తాద్ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

“ఐదు ఉస్తాద్.”

“ఏమి ఐదు?”

“చేతులు. ఐదోది నాది. ఆ పిన్ను నేను దూర్చింది.”

ఉస్తాద్ నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. బయట పత్తి బోరాల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగి అడిగాడు.

“ఎందుకు విప్పినావు?”

“పిన్ను వదులుగా ఉండె. మీరు… బిగించడం మరిచిపోయినారు.”

“ఇదొక్కటేనా?”

ఓబులేసు నేల చూపులు చూశాడు.

“ఎన్నని అడగనులే,” అన్నాడు ఉస్తాద్. “చెప్పినా గుర్తుండదు.”

“మీరు బాధపడతారని, ఉస్తాద్.”

ఉస్తాద్ మళ్లీ కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. “నాకు తలకాయ పని చేయదని, మూతలో రాసిపెట్టుకున్నా. నువ్వు దాన్ని గూడా అబద్ధం చేసినావు. ఇంగ నేను దేన్ని నమ్మాల?”



ఉస్తాద్ డబ్బాలో వెతికి గీత గీసే సూది తీశాడు. దాని మొన తుడిచి, గడియారం మూతతో పాటు అతని చేతిలో పెట్టాడు.

“పెట్టు.”

“ఎక్కడ ఉస్తాద్?”

“నా గీత పక్కన.”

లెక్కలేనన్ని మూతల్లో గీత పెట్టిన చెయ్యి ఓబులేసుది. ఆ పొద్దు సూది జారింది. గీసి ఇచ్చాక ఉస్తాద్ అద్దం పెట్టి చూశాడు.

“వంకర పోయింది,” అన్నాడు. “పోనీలే. ఉండాది గదా.”

సాయంత్రం సెట్టి వచ్చాడు. ఉస్తాద్ వీధివైపు తిరిగి కూర్చుని, “అబ్బి చెబుతాడు” అన్నాడు.

ఓబులేసు డయలు గురించి, కేసు గురించి, కీ గురించి చెప్పాడు. “ఐదు చేతులు పడ్డాయి” అన్నాడు.

సెట్టి తన జేబులోంచి అద్దం తీసి మూతలోకి చూశాడు. “ఇదేందప్పా, ఉస్తాద్ గీత పక్కనే నీ గీత? అదీ పచ్చిగా ఉండాది. ఒకే కొట్లో ఒకే గడియారాన్ని ఇద్దరెందుకు విప్పినారు?”

ఓబులేసు ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన వీపు కదల్లేదు.

“ఉస్తాద్ పని తప్పింది. నేను సరిచేసినా,” అన్నాడు. “ఆరు వేలు.”

ఆ వీధిలో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. సెట్టి హాస్యాలన్నీ ఎటో పోయాయి. బేరం ఆడలేదు. డబ్బు బల్ల మీద పెట్టి, గడియారం తీసుకుని, చెప్పులు చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

తెల్లవారేసరికి మండీ అంతా తెలిసిపోయింది. కొందరు తమ గడియారాలు వెనక్కి తీసుకుపోయారు. కొందరు ఓబులేసు చెవి దగ్గరికి వంగి, “పెద్దాయన చెయ్యి పడకుండా చూడప్పా” అనేవారు. ఉస్తాద్‌కు వినపడేది. చెవులు మాత్రం చివరిదాకా బాగా ఉన్నాయి ఆయనకు.

అయినా ఆయన రోజూ వచ్చి కూర్చునేవాడు. కాకపోతే ఇప్పుడు పని అయ్యాక సూది అందుకునేవాడు కాదు. గడియారాన్ని మూత తెరిచినట్టే ఓబులేసు ముందుకు జరిపేవాడు.

ఒకనాడు అలాగే ఒకటి జరిపాడు.

“చూడు. ఎట్లుండాది?”

ఓబులేసు చూశాడు. బాగుందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగాడు.

“బాలేదు ఉస్తాద్. నూనె రెండు తూర్లు పడింది.”

ఒకప్పుడు తాను ధర చెబితే జనం ఎలా వినేవారో ఉస్తాద్ అలాగే విన్నాడు. ఎదురు చెప్పలేదు. “సరే. కడిగి నీ గీత పెట్టు,” అన్నాడు. తర్వాత, “అడిగినప్పుడల్లా ఇట్లే చెప్పు అబ్బీ. మొహమాటపడొద్దు. నేను మళ్లా మళ్లా అడుగుతా,” అన్నాడు.

ఓబులేసు కడగడానికి పెట్రోలు గిన్నె తేవడానికి లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఉస్తాద్ ఆ గడియారాన్నే చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. మొహం విప్పారి ఉంది.

“అబ్బీ, ఇది నేను చేసిందే. చూడు, ఎట్లుండాది?”

ఓబులేసు గిన్నె కింద పెట్టి, వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

“బాలేదు ఉస్తాద్,” అన్నాడు.